పాత బండి సెల్ఫ్ పడట్లేదా? మోటార్ విప్పే ముందు ఈ వరసలో చూడండి

సెల్ఫ్ బటన్ నొక్కితే బండి పలకలేదంటే చాలు, మన నోట ముందు వచ్చే మాట "సెల్ఫ్ మోటార్ పోయింది". పాపం మోటార్! పాత బండి ఎలక్ట్రికల్ సామానంతటిలో అంత మొండి వస్తువు ఇంకోటి కనపడదు. ఎక్కువసార్లు మోటార్ బాగానే ఉంటుంది, దాని దాకా కరెంటే చేరదు. ఎక్కడో ఒక టెర్మినల్ వదులై ఉంటుంది, ఒక కేబుల్ లోపల చిలుము పట్టి ఉంటుంది, రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని కలిపే స్విచ్) కాంటాక్టులు మాడి ఉంటాయి, లేదా క్లచ్ లివర్ కింద దాక్కున్న బుల్లి స్విచ్ మొరాయిస్తుంది. అది తేల్చకుండా మోటార్ మార్చేస్తే కొత్తది కూడా పాతదానిలాగే మూలుగుతుంది.

అందుకే ఒక వరస పెట్టాను. ఖర్చు లేనివి, విప్పక్కర్లేనివి ముందు, ఇంజిన్ కవర్ తీయాల్సినవి చివర. దయచేసి వరస మార్చకండి. ముఖ్యంగా బ్యాటరీ మెట్టు దాటేసి ముందుకెళ్తే, ఆ తర్వాత మీటర్ చూపించే ప్రతి అంకె మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక డిజిటల్ మల్టీమీటర్, మామూలుది చాలు. ఒక టెస్ట్ ల్యాంప్, అంటే 12 వోల్టుల బల్బుకి రెండు వైర్లు కట్టుకున్నా సరిపోతుంది. స్పానర్లు, వైర్ బ్రష్, సన్న సాండ్ పేపర్, కాంటాక్ట్ క్లీనర్ డబ్బా, ఒక జత లావు జంపర్ కేబుళ్లు. దొరికితే మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్. బటన్ నొక్కి పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే మీటర్ చూడటం చాలా సుఖం.

కరెంట్ వెళ్లే దారి రెండు రకాలు

ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. సెల్ఫ్‌కి రెండు దారులుంటాయి, ఒకటి లావుది, ఒకటి సన్నది.

సన్న దారి ఫ్యూజ్ నుంచి బయల్దేరి తాళం స్విచ్, కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్), సెల్ఫ్ బటన్ మీదుగా రిలే కాయిల్‌కి చేరుతుంది, అక్కడి నుంచి చాలా మోడళ్లలో క్లచ్ స్విచ్ ద్వారానో న్యూట్రల్ స్విచ్ ద్వారానో ఎర్త్ అవుతుంది, అంటే బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి చేరుతుంది. మోడల్‌ని బట్టి వరస కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఈ దారిలో వెళ్లేది మూడు నాలుగు ఆంప్స్, అంతే. దీని పనల్లా రిలేని "టక్" మనిపించడం.

లావు దారి బ్యాటరీ పాజిటివ్ నుంచి రిలే పెద్ద బోల్టుకి, ఇంకో పెద్ద బోల్టు నుంచి లావు కేబుల్ ద్వారా మోటార్‌కి. మోటార్‌కి రెండో వైరు కనపడదు, ఎందుకంటే దాని బాడీయే ఎర్త్. బాడీ నుంచి ఇంజిన్‌కి, ఇంజిన్ నుంచి ఎర్త్ కేబుల్ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొస్తుంది. చిన్న బళ్లలో కూడా ఇక్కడ పదుల ఆంప్స్ నడుస్తాయి, పెద్ద ఇంజిన్లలో వంద సులువుగా దాటుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. 100 ఆంప్స్ వెళ్లే దారిలో ఒక జాయింట్ దగ్గర 0.02 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి, అక్కడే 2 వోల్టులు ఆవిరైపోతాయి. మామూలు మల్టీమీటర్‌లో 0.02 ఓమ్‌లు కొలవడం అయ్యే పని కాదు, మీటర్ ప్రోబ్ వైర్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. కాబట్టి లావు కేబుల్‌కి రెండు చివర్లా ప్రోబులు పెట్టి "బీప్ వచ్చింది, కేబుల్ బాగుంది" అనుకోవద్దు. ఒకే ఒక్క రాగి పోగు మిగిలిన కేబుల్ కూడా బీప్ ఇస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు సగం పూడిన పైపులో కూడా ప్రెషర్ నిండుగానే ఉంటుంది, తిప్పితే గానీ బండారం బయటపడదు. ఇక్కడా అంతే: కొలిచేది ఏదైనా బటన్ నొక్కి, లోడ్ మీద కొలవాలి.

ముందు చెవులతో వినండి

పనిముట్లు తీసే ముందు ఒకసారి బటన్ నొక్కి ఏం జరుగుతుందో గమనించండి.

తాళం తిప్పినా ఒక్క లైటూ వెలగకపోతే అది సెల్ఫ్ సమస్య కానే కాదు. మెయిన్ ఫ్యూజ్, బ్యాటరీ టెర్మినల్, తాళం స్విచ్, ఈ మూడూ చూసుకోండి. చాలా మోడళ్లలో మెయిన్ ఫ్యూజ్ రిలే మీదో పక్కనో ఉంటుంది. ఫ్యూజ్ పైకి బాగానే కనిపించి, కాళ్ల దగ్గర వేడికి ప్లాస్టిక్ కరిగి కాంటాక్ట్ పోవడం పాత బళ్లకి మామూలే.

లైట్లు బాగున్నాయి, బటన్ నొక్కితే చిన్న చప్పుడు కూడా లేదు అంటే సన్న దారి తెగింది. ఒకే ఒక్క "టక్" వినపడి మోటార్ కదలకపోతే రిలే లాగింది కానీ లావు దారిలో తేడా ఉంది, లేదా మోటారో ఇంజినో పట్టేసింది. "టకటకటక" అని గబగబా కొట్టుకుంటే బ్యాటరీ నీరసంగా ఉంది: రిలే లాగగానే వోల్టేజ్ పడిపోతుంది, పడిపోగానే రిలే వదిలేస్తుంది, వదలగానే వోల్టేజ్ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. వదులుగా ఉన్న టెర్మినల్ కూడా ఇదే పాట పాడుతుంది, అందుకని ఈ చప్పుడు వినగానే బ్యాటరీ కొనడానికి పరిగెత్తకండి.

మోటార్ "గుయ్" మని జోరుగా తిరుగుతూ ఇంజిన్ కదలకపోతే కరెంట్ వైపు వెతకడం మానేయండి, అది వన్ వే క్లచ్ (మోటార్ తిప్పుడుని ఒకే దిక్కులో ఇంజిన్‌కి అందించే భాగం) వ్యవహారం. మోటార్ తిరుగుతోంది గానీ ఈడ్చుకుంటూ తిరుగుతోంది అంటే కింద చెప్పేవన్నీ చూడాల్సిందే.

ఇంకోటి ఉంది, అది ప్రమాదం. బటన్ వదిలినా, ఆఖరికి తాళం తీసేసినా మోటార్ తిరుగుతూనే ఉంటే రిలే లోపలి కాంటాక్టులు వెల్డ్ అయిపోయాయి. లావు దారి తాళం మీదుగా వెళ్లదు కాబట్టి తాళం తీసి లాభం లేదు. వెంటనే బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీయండి, స్పార్క్ వస్తుంది, రానివ్వండి. ఆలస్యమైతే మోటార్ కాలుతుంది, కేబుల్ కూడా మండొచ్చు. రిలే మార్చడమే దీనికి మందు, అలాగే ఎందుకు అతుక్కుందో కూడా చూసుకోవాలి, ఎందుకంటే నీరసపు బ్యాటరీతో టకటకలాడించడం వల్లే కాంటాక్టులు ఎక్కువగా అలా మాడి అతుక్కుంటాయి.

మెట్టు 1: బ్యాటరీ

మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టండి. ప్రోబులు కేబుల్ లగ్గుల (కొనల్లో ఉండే లోహపు రింగుల) మీద పెట్టకుండా బ్యాటరీ పోస్టుల మీదే నేరుగా పెట్టండి. బండి ఇప్పుడే నడిచి ఉన్నా, ఛార్జర్ ఇప్పుడే తీసినా అంకె కాస్త గొప్పగా కనిపిస్తుంది, ఒక నిమిషం హెడ్‌లైట్ వేసి ఆపి, కాసేపాగి కొలవండి.

12.6 లేదా ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 దగ్గర ముప్పావు, 12.2 దగ్గర సగం, 12.0 అంటే పావు వంతు మిగిలింది. 10.5 దగ్గర ఆగిపోయి, రాత్రంతా ఛార్జ్ పెట్టినా పైకి రాకపోతే ఆరు సెల్స్‌లో ఒకటి చచ్చిపోయిందని ఎక్కువగా అనుమానించాలి, ఒక్కో సెల్ ఇచ్చేది 2.1 వోల్టులు కాబట్టి లెక్క సరిపోతుంది. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే నీటి మట్టం కూడా చూడండి, పోయాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

ఈ అంకెతోనే తృప్తిపడకండి. ప్రోబులు అక్కడే ఉంచి బటన్ నొక్కి మీటర్ చూడండి. మోటార్ తిరుగుతున్నంతసేపూ 10 వోల్టుల పైన నిలబడితే బ్యాటరీ పాసైనట్టే. 9.6 కంటే కిందికి జారితే అనుమానించాలి. నిలకడగా 12.7 చూపించి బటన్ నొక్కగానే 6కో 7కో కూలిపోయే బ్యాటరీలు కోకొల్లలు, లోపల సల్ఫేట్ పేరుకుపోయిన వాటి లక్షణమే అది. అయితే పట్టేసిన మోటార్ కూడా మంచి బ్యాటరీని అలాగే కూలదోస్తుంది. తేడా తెలియాలంటే కచ్చితంగా బాగున్న ఇంకో 12 వోల్టుల బ్యాటరీని జంపర్ కేబుళ్లతో కలిపి చూడండి. కారు బ్యాటరీ అయినా పర్లేదు, కారు ఇంజిన్ మాత్రం ఆపి ఉంచాలి. దానితో సెల్ఫ్ హాయిగా తిరిగిందా, తప్పు మీ బ్యాటరీదో, దాని లగ్గు జాయింట్‌దో. అప్పటికీ మూలిగితే ముందుకు పదండి.

ఎంత తొందరున్నా బటన్‌ని 5 సెకన్ల కంటే ఎక్కువ నొక్కి పట్టుకోవద్దు. మధ్యలో కనీసం 10 సెకన్లు ఆగండి. సెల్ఫ్ మోటార్ కాసేపు పనిచేయడానికి చేసినది, వరసగా తిప్పితే వేడికి లోపలి సోల్డర్ కూడా వదిలేస్తుంది.

మెట్టు 2: లావు దారి

నా మటుకు నాకు మొత్తం పనిలో ఇదే అసలు మెట్టు. మిగతా అన్నిటికంటే ఎక్కువ టైం ఇక్కడ పెట్టండి.

ముందు కళ్లతో, చేతులతో. బ్యాటరీ నెగటివ్ ముందు తీసి, తర్వాత పాజిటివ్ తీయండి. బిగించేటప్పుడు దీనికి తిరగేసి. లగ్గుల మీద తెల్లగానో పచ్చగానో ఉప్పు పట్టి ఉంటే వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. ఇంజిన్ మీద ఎర్త్ కేబుల్ బిగించిన చోటు ఎవరూ చూడరు, అది కిందెక్కడో బురదలో ఉంటుంది. బోల్టు తీసి, లగ్గు కింద ఇంజిన్ లోహం మెరిసేలా గీకి, మళ్లీ బిగించాక పైన కాస్త గ్రీజు రాయండి. బండికి కొత్తగా పెయింటో పౌడర్ కోటింగో వేయించి ఉంటే ఆ పెయింట్ మీదే ఎర్త్ బిగించారేమో కచ్చితంగా చూడాలి. సెల్ఫ్ మోటార్ ఇంజిన్‌కి కూర్చునే ముఖం విషయంలోనూ అంతే.

కేబుల్ పైతొడుగు చక్కగా ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. లగ్గు దగ్గర రబ్బరు కొద్దిగా వెనక్కి లాగి రాగి రంగు చూడండి. ఎర్రగా మెరుస్తుంటే సరే. నల్లబడి ఉన్నా, పచ్చటి పొడి రాలుతున్నా, వంచితే లోపల "కరకర" మంటున్నా ఆ కేబుల్ ఆయుష్షు తీరిపోయింది. ఆ నలుపు లగ్గు దగ్గర మొదలై తొడుగు లోపల చాలా దూరం పాకుతుంది, కొన కత్తిరించి కొత్త లగ్గు వేసినా ఆగదు. కేబుల్ మొత్తం మార్చడమే మేలు, అదే మందం గానీ కాస్త లావుది గానీ.

ఇప్పుడు మీటర్. దీన్ని వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. ఇంజిన్ స్టార్ట్ అయిపోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్లే సన్న వైరు పీకి పెట్టండి. స్పార్క్ ప్లగ్గులు తీయొద్దు, తీస్తే లోడ్ తగ్గిపోయి టెస్టుకి అర్థం ఉండదు. మీటర్ డీసీ వోల్టుల్లోనే ఉంచి, ప్రతి కొలతకీ రెండు మూడు సెకన్లు బటన్ నొక్కండి.

మొదటి కొలత: ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఇంకోటి సెల్ఫ్ మోటార్ బాడీ మీద పెయింట్ లేని చోట. నొక్కినప్పుడు 0.2 లేదా 0.3 వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ వైపు తేడా. ప్రోబు మోటార్ బాడీ నుంచి ఇంజిన్‌కి, అక్కడి నుంచి ఎర్త్ బోల్టుకి, దాని లగ్గుకి ఒక్కో అడుగు వెనక్కి జరుపుతూ కొలవండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో, ఆ రెండు చోట్ల మధ్యలోనే దొంగ ఉన్నాడు.

రెండో కొలత: బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి మోటార్ మీద కేబుల్ బిగించిన బోల్టుకి. రిలే మూసుకునే వరకు ఇక్కడ 12 వోల్టులు చూపిస్తుంది, కంగారు పడకండి, నొక్కాక చూపించేదే లెక్క. అర వోల్టు లోపల ఉండాలి.

మూడో కొలత: రిలే రెండు పెద్ద బోల్టుల మధ్య. నొక్కినప్పుడు 0.2 చుట్టూ ఉంటే మంచిది. ఒక వోల్టు దాకా ఉంటే లోపలి కాంటాక్టులు మాడిపోయాయి, రిలే "టక్" మన్నా సరే పనికిరాదు.

మీటర్ లేనప్పుడు ఒక నాటు పద్ధతి: నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టి, ఆపేసి, వెంటనే జాయింట్లన్నీ వేలితో తాకి చూడండి. మిగతావి చల్లగా ఉండి ఒకటి మాత్రం వెచ్చగా తగిలితే, మీ వోల్టులు అక్కడే వేడిగా మారిపోతున్నాయి. సైలెన్సర్‌కి చెయ్యి తగలకుండా చూసుకోండి.

ఒక జాగ్రత్త. మీటర్‌లో ఆంప్స్ మోడ్ పెట్టి సెల్ఫ్ కరెంట్ కొలుద్దామని ఎప్పుడూ ప్రయత్నించకండి. ఆ సాకెట్ 10 ఆంప్స్‌కి చేసింది, వంద వెళ్తే మీటర్‌కి దండ వేయాల్సిందే. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే అది వేరే సంగతి.

మెట్టు 3: సన్న దారి, రిలే

టక్ కూడా లేని కేసు ఇది. ముందు కిల్ స్విచ్ చూడండి. నవ్వకండి, పార్కింగ్‌లో ఎవరో నొక్కిపోయిన కిల్ స్విచ్ వల్ల మెకానిక్ దాకా వెళ్లిన బళ్లు ఎన్నో. తర్వాత బండి న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ నొక్కి, సైడ్ స్టాండ్ పైకి తీసి, మూడూ కలిపి ప్రయత్నించండి. న్యూట్రల్‌లో పడకుండా క్లచ్ నొక్కితే మాత్రమే పడుతుంటే న్యూట్రల్ స్విచ్‌ని, దానికి తిరగేసి జరిగితే క్లచ్ స్విచ్‌ని అనుమానించాలి. కొన్ని మోడళ్లలో ఎలాగూ క్లచ్ నొక్కాల్సిందే, అది తేడా కాదు.

చాలామందికి తెలియని చిన్న గుర్తు ఒకటుంది. గేర్‌లో ఉండి క్లచ్ నొక్కగానే న్యూట్రల్ లైట్ వెలుగుతోందా? అయితే న్యూట్రల్, క్లచ్ లైన్ల మధ్య ఉండే డయోడ్ (కరెంట్‌ని ఒకే వైపుకి పోనిచ్చే ముక్క) షార్ట్ అయి ఉంటుంది. అది రెండు వైపులా తెగిపోతే న్యూట్రల్‌లో క్లచ్ నొక్కకుండా సెల్ఫ్ పడదు. చిన్న ముక్కే, వైరింగ్‌లో ఎక్కడో ప్లగ్‌లా గుచ్చి ఉంటుంది.

ఇక రిలే సన్న వైర్ల దగ్గర టెస్ట్ ల్యాంప్‌ని రెండు సన్న టెర్మినల్స్ మధ్య పెట్టి బటన్ నొక్కండి. బల్బు బాగా వెలిగి రిలే పలకకపోతే రిలే కాయిల్ పోయింది. బల్బు వెలగకపోతే ల్యాంప్ ఒక కొనని బ్యాటరీ నెగటివ్‌కి మార్చి మళ్లీ నొక్కండి: ఇప్పుడు వెలిగితే కరెంట్ వస్తోంది, ఎర్త్ దొరకట్లేదు, అంటే క్లచ్, న్యూట్రల్, సైడ్ స్టాండ్ వైపు చూడాలి. ఇప్పుడూ వెలగకపోతే బటన్, కిల్ స్విచ్, ఫ్యూజ్ వైపు. కొన్ని పాత రిలేలకి సన్న వైరు ఒకటే ఉంటుంది, బాడీయే ఎర్త్, వాటికి రిలే బిగించిన చోట తుప్పు పట్టిందేమో చూస్తే చాలు.

బల్బు మసక మసకగా వెలిగితే? మీటర్ పెట్టండి. బ్యాటరీ వోల్టేజ్‌కి దగ్గర్లో ఉండాల్సినది 8కో 9కో వస్తుంటే బటన్ లోపలి రాగి రేకులు నల్లబడ్డాయి. హ్యాండిల్ మీది స్విచ్ బాక్స్ విప్పేటప్పుడు కింద ఒక తెల్ల గుడ్డ పరవండి, లోపలి స్ప్రింగ్ ఎగిరి పడితే వెతుక్కోవడం నరకం. కాంటాక్టులు సన్న సాండ్ పేపర్‌తో నెమ్మదిగా రుద్ది, క్లీనర్ కొట్టండి. "టకటకటక" చప్పుడు కొన్నిసార్లు ఈ బటన్ వల్ల కూడా వస్తుందని గుర్తుంచుకోండి.

రిలేని విడిగా కూడా చూడొచ్చు. సన్న టెర్మినల్స్ మధ్య సాధారణంగా 3 నుంచి 5 ఓమ్‌లు ఉంటాయి, కచ్చితమైన అంకె మీ మాన్యువల్‌లో దొరుకుతుంది.

రిలే పెద్ద బోల్టులు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో కలిపితే మోటార్ తిరుగుతుందా అని చూడటం పాత చిట్కా. పనిచేస్తుంది, కానీ దానికి బండి న్యూట్రల్‌లోనే ఉందని రెండుసార్లు చూసుకోవాలి, ఎందుకంటే ఇలా చేస్తే సేఫ్టీ స్విచ్‌లేవీ అడ్డుకోవు, బండి గేర్‌లో ఉంటే ముందుకు దూకుతుంది. పెట్రోల్ వాసన వస్తున్నా, బ్యాటరీ ఇప్పుడే ఛార్జ్ అయి ఉన్నా వద్దు, ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్‌కి ఒక్క నిప్పురవ్వ చాలు. స్క్రూడ్రైవర్ బదులు లావు జంపర్ కేబుల్ వాడండి. అలాగే సైడ్ స్టాండ్ స్విచ్‌ని టెస్ట్ కోసం తాత్కాలికంగా షార్ట్ చేస్తే చేశారు, అలాగే వదిలేసి బండి నడపొద్దు. స్టాండ్ వేసి ఉండగా మలుపు తిరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

మెట్టు 4: ఇంజిన్ చేత్తో తిరుగుతోందా

మోటార్ విప్పే ముందు ఒక అరగంట ఇక్కడ ఆగండి. ప్లగ్గులు తీసేసి, టాప్ గేర్‌లో పెట్టి, వెనక చక్రం చేత్తో తిప్పితే ఇంజిన్ తిరగాలి. తిరగకపోతే సెల్ఫ్‌ని తిట్టి లాభం లేదు.

కార్బొరేటర్ బళ్లలో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. ఫ్లోట్ నీడిల్ (కార్బొరేటర్ నిండాక పెట్రోల్‌ని ఆపే సూది) సరిగ్గా మూయక, పెట్రోల్ ట్యాప్ తెరిచే ఉంటే రాత్రికి రాత్రి పెట్రోల్ సిలిండర్‌లోకి దిగుతుంది. ద్రవం నొక్కుకుపోదు కాబట్టి పిస్టన్ "టక్" మని ఆగిపోతుంది. బలవంతంగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. ఆయిల్‌లో పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ మట్టం ఉన్నట్టుండి పెరిగినా ఇదే. ప్లగ్గు తీసి, కాయిల్ వైరు పీకి, చేత్తో తిప్పి పెట్రోల్ బయటికి పోనివ్వండి, ఆయిల్ మార్చండి, ఫ్లోట్ నీడిల్ సంగతి చూశాకే స్టార్ట్ చేయండి.

పెద్ద సింగిల్ సిలిండర్ బళ్లలో ఇంకో మెలిక. వాటి క్యామ్‌షాఫ్ట్ మీద ఆటో డీకంప్రెసర్ ఉంటే అది ఎగ్జాస్ట్ వాల్వ్‌ని కొద్దిగా ఎత్తి సెల్ఫ్‌కి పని తేలిక చేస్తుంది. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర వదిలే సన్నటి ఖాళీ) ఎక్కువైపోతే ఆ కొద్దిపాటి ఎత్తడం క్లియరెన్స్‌లోనే ఖర్చయిపోతుంది, కంప్రెషన్ దగ్గర మోటార్ "ఉఁ" అని నిలబడిపోతుంది. ట్యాపెట్, అంటే ఆ ఖాళీ, సరిచేస్తే సెల్ఫ్ బాగుపడే విచిత్రం ఇదే.

మెట్టు 5: ఇప్పుడు మోటార్

పైవన్నీ పాసయ్యాయి, మోటార్ బోల్టు దగ్గర బటన్ నొక్కినప్పుడు 10 వోల్టుల పైన వస్తోంది, ఎర్త్ బాగుంది, అయినా మోటార్ తిరగట్లేదు లేదా ఈడుస్తోంది. అప్పుడే మోటార్ మీద చెయ్యి వేయండి. విప్పే ముందు ఒకరు బటన్ నొక్కి ఉంచగా స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మోటార్ మీద చిన్నగా తట్టండి. ఉలిక్కిపడి తిరిగిందంటే కార్బన్లు (లోపల తిరిగే భాగానికి కరెంట్ అందించే ముక్కలు) అరిగిపోయాయి. గట్టిగా కొట్టొద్దు, లోపలి మాగ్నెట్లు గమ్‌తో అంటించి ఉంటాయి, పగిలితే మోటార్ నిజంగానే పోతుంది.

బ్యాటరీ నెగటివ్ తీశాక, మోటార్ కేబుల్ నట్టు విప్పండి. ఆ బోల్టుకి కింద ఇంకో నట్టు ఉంటే దాన్ని రెండో స్పానర్‌తో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే బోల్టు మొత్తం తిరిగి లోపల కార్బన్‌కి వెళ్లే తీగ తెగుతుంది. బిగించేటప్పుడూ ఇదే జాగ్రత్త.

మోటార్ బయటికొచ్చాక బాడీ మీద, రెండు మూతల మీద కలిసేలా మార్కర్‌తో గీతలు గీయండి. పొడవు బోల్టులు రెండూ తీసి, మూతలు ఒక్కొక్కటే నెమ్మదిగా లాగండి. షాఫ్ట్ మీద పల్చటి వాషర్లు ఉంటాయి, ఏ వైపు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌లో ఫోటో తీయండి. మూత లోపలి జిడ్డుకి ఒకటి అతుక్కుని ఉండిపోవడం మామూలే, అక్కడా చూడండి.

లోపలంతా నల్లటి కార్బన్ పొడి ఉంటుంది, క్లీనర్‌తో కడిగేయండి. ఆ పొడి కరెంట్‌ని దాటనిస్తుంది, పేరుకుంటే షార్ట్. కార్బన్ల పొడవు కొలవండి, ఎంతవరకు పనికొస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది, లేనప్పుడు కొత్తదానిలో సగానికి వచ్చిందంటే మార్చేయడమే. పొడవు ఉన్నా గూటిలో ఇరుక్కుని స్ప్రింగ్ తోసినా కదలకపోతే అదీ తప్పే.

ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) చివర రాగి పట్టీల గుండ్రం, కమ్యుటేటర్, నల్లగా ఉంటే 400 నుంచి 600 నంబరు సాండ్ పేపర్ చుట్టూ తిప్పుతూ రుద్దండి. నల్ల ఎమరీ క్లాత్ వద్దు, దాని గట్టి రేణువులు రాగిలో దిగబడి కొత్త కార్బన్లని తినేస్తాయి. పట్టీల మధ్య గాడి రాగి కంటే లోతుగా ఉండాలి, అందులో పొడి నిండి ఉంటే సన్నటి బ్లేడ్ ముక్కతో గీకండి. తర్వాత మీటర్: పక్కపక్క పట్టీల మధ్య బీప్ రావాలి, ఏ పట్టీకీ షాఫ్ట్‌కీ మధ్య రాకూడదు. కేబుల్ బోల్టుకీ మోటార్ బాడీకీ మధ్య, ఆర్మేచర్ బయట ఉండగా, రాకూడదు. వస్తే ఆ బోల్టు చుట్టూ ఉన్న ఇన్సులేషన్ వాషర్ విరిగిందేమో చూడండి.

ఆర్మేచర్ ఇనుము మీద ఒకవైపు మెరుపు గీతలు కనిపిస్తే బుష్ (షాఫ్ట్ కూర్చుని తిరిగే గొట్టం) అరిగి ఆర్మేచర్ మాగ్నెట్లకి రాసుకుంటోందన్నమాట. చల్లగా ఉన్నప్పుడు తిరిగి, వేడెక్కాక మొరాయించే మోటార్లలో ఇది చూడాల్సిన చోటు.

గీతలు కలిపి బిగించడం ఎందుకంత ముఖ్యమంటే, బాడీ తప్పుగా తిరిగి కూర్చుంటే మోటార్ ఎదురు దిక్కుకి తిరగొచ్చు. అప్పుడు వన్ వే క్లచ్ పట్టుకోదు, మోటార్ గుయ్ మంటుంది, ఇంజిన్ కదలదు. మనమేమో క్లచ్ పోయిందని ఇంజిన్ కవర్ విప్పుతాం. మోటార్ విప్పిన వెంటనే ఈ లక్షణం కొత్తగా వస్తే ముందు గీతలే చూడండి. మోటార్ మీది రబ్బరు ఓ-రింగ్ కొత్తది వేసి, కాస్త గ్రీజు రాసి, తిరిగి కూర్చోబెట్టండి. అంతకుముందు నేల మీద బ్యాటరీతో తిప్పి చూడాలనుకుంటే కాలితో గట్టిగా నొక్కిపట్టండి, అది తన్నుతుంది. ఖాళీగా తిరిగితే మాత్రం పాస్ మార్కులు వేయకండి, లోడ్ మీద తిరగాలి.

మోటార్ తిరుగుతుంది, ఇంజిన్ తిరగదు

వన్ వే క్లచ్ చాలా బళ్లలో ఆల్టర్నేటర్ మాగ్నెట్ వెనక ఉంటుంది. అందులోని రోలర్లో వాటి స్ప్రింగులో అరిగితే పట్టు జారుతుంది, "గర్ర్" మని చప్పుడు వస్తుంది. మోటార్ తీసిన రంధ్రం గుండా లోపలి పన్ను చక్రాన్ని వేలితో తిప్పి చూడొచ్చు: ఒక దిక్కుకి తేలిగ్గా తిరగాలి, ఇంకో దిక్కుకి ఇంజిన్‌ని పట్టుకోవాలి. రెండు వైపులా తేలిగ్గా తిరిగితే తేలిపోయింది. మాగ్నెట్ తీయడానికి సరైన పుల్లర్ కావాలి, సుత్తితో కొట్టి తీయాలని చూస్తే క్రాంక్ పాడవుతుంది. పుల్లర్ లేకపోతే ఈ ఒక్క పని మెకానిక్‌కి ఇచ్చేయడం నయం. విప్పినప్పుడు క్లచ్ బోల్టులు వదులయ్యాయేమో చూసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి లాక్ లిక్విడ్ వేసి బిగించాలి.

అంతా అయ్యాక

బండి స్టార్ట్ అయ్యింది కదా అని కవర్లు వేసేయకండి. ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ పోస్టుల దగ్గర కొలిస్తే చాలా బళ్లలో 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. 13 దాటకపోతే ఛార్జింగ్ లేదు, వారం తిరక్కుండా మళ్లీ టకటక వింటారు. 15 దాటితే రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజ్‌ని అదుపులో ఉంచేది) పోయింది, అది బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది.

ఛార్జింగ్ బాగున్నా బండి నాలుగు రోజులు నిలబెడితే బ్యాటరీ పడిపోతోందా? తాళం తీసేసి, నెగటివ్ కేబుల్ ఊడదీసి, దానికీ పోస్టుకీ మధ్య మీటర్‌ని ఆంప్స్‌లో పెట్టండి. ముందు 10 ఆంప్స్ సాకెట్‌తో మొదలుపెట్టి తర్వాత మిల్లీఆంప్స్‌కి దిగండి. గడియారంలాంటివి లేని పాత బండిలో దాదాపు సున్నా రావాలి. పదుల మిల్లీఆంప్స్ పోతుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో చూడండి. ఫ్యూజులన్నీ తీసినా పోతుంటే రెగ్యులేటర్ ప్లగ్ పీకి చూడండి, లోపలి డయోడ్ లీకైతే కరెంట్ అటే పోతుంది. మీటర్ ఇలా కట్టి ఉన్నంతసేపూ తాళం ఆన్ చేయొద్దు, సెల్ఫ్ బటన్ జోలికి అసలే వెళ్లొద్దు.